గురునాథం ఏరిన గాలాలు

చీరాల నేతపేటలో గురునాథం ఇంట్లో ఒకప్పుడు గుంటమగ్గం ఉన్నచోట ఇప్పుడొక బల్ల ఉంది. గుంట పూడ్పించి, పైన గచ్చు చేయించి ఆ బల్ల వేయించింది అతని భార్య రాజరాజేశ్వరి. పేటలో అందరూ ఆమెను రాజ్యం అంటారు.

నేత గిట్టక మగ్గాలు ఒక్కొక్కటే మూలపడుతున్న రోజుల్లో శివనాగరాజు అనే ఏజెంటు పేటకు వచ్చాడు. చలిదేశాల్లో సరదాకు చేపలు పట్టేవాళ్ళు వానపాముల బదులు ఉత్తుత్తి ఈగల్ని వాడతారనీ, గాలం మీద కోడి ఈకా కుందేలు బొచ్చూ పెట్టి సన్నటి దారంతో చుడితే అది నీళ్ళమీద వాలిన ఈగలా కనిపిస్తుందనీ చెప్పాడు. "నేతోళ్ళ వేళ్ళకైతేనే వస్తదండీ ఈ పని" అన్నాడు. పేటంతా నవ్వింది. రాజ్యం మాత్రం అతని చేతిలోని నమూనా తీసుకుని, దారం విప్పి, మళ్ళీ చుట్టి చూపించింది. తెగిన పడుగుపోగును మాటల్లో ఉండి కూడా ముడేసేయగల చెయ్యి ఆమెది.

గురునాథానికి ఆ విద్య అబ్బలేదు. కాళ్ళూ చేతులూ కలిసి ఆడే మగ్గం పని వేరు, గోరంత గాలాన్ని వైసు అనే చిన్న ఇనుప పట్టులో బిగించి దానిమీద ఈక నిలబెట్టడం వేరు. అతను కట్టినవి వానకు తడిసిన కోడిపిల్లల్లా ఉండేవి.

"నువ్వు గాలాలు చూడు, నేను కడతాలే" అంది రాజ్యం.

చూడటానికేముందిలే అనుకున్నాడు మొదట్లో. ఏజెంటు ఇచ్చినవి ఇచ్చినట్టే ఆమెకు అందించాడు. ఆ సరుకు పోయినదారినే తిరిగొచ్చింది. చేప లాగితే గాలాలు తీగల్లా సాగిపోయాయట. రాజ్యం ఎన్నో పగళ్ళు కూర్చుని కట్టిన ఈగలు, ఒక్కటీ చెక్కు చెదరకుండా, పనికిరాకుండా పోయాయి. ఆమె వాటిని ఒక్కొక్కటే విప్పి ఈకలు వేరుచేసుకుంది. అది చూస్తుంటే అతనికి గుచ్చుకుంది.

అప్పటినుంచి గాలం చూడటం నేర్చుకున్నాడు. మొనను బొటనవేలి గోరుమీద ఆనించి మెల్లగా లాగేవాడు. గోరును పట్టుకుంటే మంచిది, జారితే మొద్దుది. వైసులో బిగించి కాస్త వంచి వదిలేవాడు. తిరిగి తన చోటికొస్తే సరైన ఉక్కు. వంగినది వంగినట్టే ఉండిపోతే మెత్తన, పుటుక్కుమంటే పెళుసు. దారం పోయే కన్ను అంచులు సందు లేకుండా కలిశాయో లేదో పట్టుపోగు దూర్చి చూసేవాడు. నీళ్ళమీద తేలాల్సిన ఈగకు సన్న తీగ, మునగాల్సినదానికి లావు తీగ. నచ్చినవి స్టీలు డబ్బాలో, నచ్చనివి రేకుడబ్బాలో. రానురాను శివనాగరాజే నాలుగు రకాలు తెచ్చి ముందు పోసి, "ఏవి తెప్పించమంటారు బాబాయ్?" అని అడిగేవాడు.

పరీక్షకు నిలిచిన గాలాన్ని రాజ్యానికి అందిస్తుంటే గురునాథానికి ఒక తృప్తి ఉండేది. ఆమె చెయ్యి చాపేది, అతను పెట్టేవాడు. అలా ఏళ్ళు గడిచాయి.

ఆ రోజు మిరపకోతల రోజు. పొద్దెక్కింది. రాజ్యం ఒక ఈగ మొదలుపెట్టి ఆగింది.

"ఏమయ్యో, దారం జారిపోతంది."

గురునాథం ఇంకో కండె అందించాడు. మళ్ళీ జారింది. ఆమె విసుక్కుంది. గాలం నున్నగా ఉందేమోనని అతను దాన్ని వైసులోంచి తీసి కిటికీ దగ్గరకు పట్టుకెళ్ళాడు. వెలుతుర్లో తిప్పి తిప్పి చూశాడు. తీగ బాగానే ఉంది. కన్ను బాగానే ఉంది. అయినా ఇంకొకటి ఏరి, గోరుమీద లాగి, వంచి చూసి, తెచ్చి బిగించాడు.

"ఇదిగో, ఇది బంగారంలా ఉంది. కట్టు."

రాజ్యం కట్టలేదు. కుడిచెయ్యి ఒళ్ళో పడి ఉంది. మూతి ఒకపక్కకు జారింది. అతన్ని చూస్తూనే ఉంది గానీ మాట రావడంలేదు.

గురునాథం వీధిలోకి పరుగెత్తాడు. పేటలో ఆటోలన్నీ కూలీలను ఎక్కించుకుని పర్చూరు వైపు చేలకు వెళ్ళిపోయాయి. చివరికి పక్కవీధి షాజాదీ మొగుడు ఎవరిదో ట్రాలీ ఆటో పట్టుకొచ్చాడు. చీరాల ఆసుపత్రివాళ్ళు చూసి, గుంటూరు తీసుకెళ్ళమన్నారు. గుంటూరులో డాక్టరమ్మ అడిగిన మొదటి మాట: "ఎప్పుడు మొదలైందండీ?"

"పొద్దున్నేనమ్మా."

"పొద్దున్నంటే? ముందుగా ఏం గమనించారు?"

దారం జారిందన్నాడు. ఆమెకు అర్థం కాలేదు. అతను చొక్కాజేబు తడుముకున్నాడు, దారం చుట్టీ చుట్టని ఆ మొదటి గాలం అందులో ఉంది. దాన్ని చూపిస్తే తెలుస్తుందేమో అనిపించింది. చూపించలేదు. ఇంకాస్త ముందొస్తే మందు పనిచేసి ఉండేదేమో, ఇప్పుడేమీ చెప్పలేమని ఆమె మెల్లగా చెప్పి వెళ్ళిపోయింది. గురునాథం వరండాలో కూర్చుండిపోయాడు. ఎవరెవరో వచ్చి కాగితాలమీద సంతకాలు పెట్టమన్నారు, పెట్టాడు. మందులు తెమ్మన్నారు, తెచ్చాడు. తను చేయగలిగింది ఏమిటో ఎవరూ చెప్పలేదు.

రాజ్యం బతికింది. కుడిచెయ్యి రాలేదు, కుడికాలు ఈడుస్తుంది. మాటల్లో మాత్రం ఒక్కటే మిగిలింది.

"ఉప్పు" అంటుంది.

మొదట్లో అందరూ నిజంగా ఉప్పే అనుకున్నారు. డాక్టర్లు ఉప్పు తగ్గించమన్నారు కదా, జావ చప్పగా ఉంటోందేమోనని కూతురు మనోజ్ఞ చిటికెడు వేసింది. రాజ్యం గిన్నె తోసేసింది. దాహమేసినా ఉప్పే, నొప్పి పుట్టినా ఉప్పే. మనవడు వచ్చినప్పుడు నవ్వుతూ వాడి తల నిమిరి కూడా ఉప్పే అంది. చెప్పాలనుకున్నది లోపల సరిగ్గానే ఉంటుంది, నోటికొచ్చేసరికి ఆ ఒక్క మాటే దొర్లుతుంది అని డాక్టరమ్మ వివరించింది. సెలవు అయిపోగానే మనోజ్ఞ పర్చూరులో తను పాఠాలు చెప్పే బడికి వెళ్ళిపోయింది.

ఒప్పుకున్న సరుకు సగంలో ఉంది. గురునాథం తనే వైసు ముందు కూర్చున్నాడు. రాజ్యం పక్కన కుర్చీలో ఉండి చూసేది. దారం బిగిస్తే ఈక విరిగేది, వదిలితే ఊడేది. ఆమె ఎడమచెయ్యి గాల్లో లేచి, ఇలా కాదు ఇలా అన్నట్టు తిరిగేది. "ఉప్పు! ఉప్పు!" అని అరిచేది. ఎటు తిప్పాలో అతనికి అందేది కాదు. ఒకసారి విసిగి, "అదేంటో సరిగ్గా చెప్పవే!" అనేశాడు. అన్నాక నాలుక కరుచుకున్నాడు. ఆమె కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని గోడవైపు తిరిగింది.

శివనాగరాజు వచ్చి అతను కట్టినవాటిని అరచేతిలో పోసుకుని చూశాడు. మళ్ళీ బల్లమీద పెట్టేశాడు.

"బాబాయ్, మీకు తెలవంది కాదు..."

"తెలుసులేరా. తీస్కెళ్ళు."

వైసు, దారాలు, ఈకల సంచి ఈగలు కట్టడం నేర్చుకున్న షాజాదీ ఇంటికి వెళ్ళాయి. గాలాలు మాత్రం ఇక్కడే ఏరి పంపమన్నాడు శివనాగరాజు. జాలిపడి అన్నాడో, అవసరమై అన్నాడో గురునాథం అడగలేదు.

ఇప్పుడు బల్లమీద రెండు డబ్బాలే ఉంటాయి. వంచి చూడటానికి వైసు లేదు, పట్టకారుతో పట్టుకుంటాడు. ఒక్కో గాలం గోరుమీద లాగి పక్కకు పెడుతుంటాడు. పిండిబొమ్మలా కూర్చునే ఉంటే ఆమె మనసు పాడవుతుందని, అప్పుడప్పుడు ఒకటి రాజ్యం చేతిలో పెడతాడు. ఆమె ఎడమచేతి బొటనవేలి గోరుమీద మొన ఆనించి, అతనిలాగే మెల్లగా లాగుతుంది. అంతసేపూ ఆమె ముఖం పాత ముఖంలా ఉంటుంది.

నిన్న అలాగే ఒకటి ఇచ్చాడు. రాజ్యం రెండుసార్లు లాగింది. వెలుతుర్లోకి ఎత్తి చూసింది. అతనివైపు చాపి గట్టిగా, ఖాయంగా అంది: "ఉప్పు."

"మంచిదా?" అన్నాడు గురునాథం.

తల ఊపింది.

"బాలేదా?"

అలాగే ఊపింది. ఆమె కళ్ళు అతని ముఖాన్ని వెతుకుతున్నాయి, ఈసారైనా అందిందా అన్నట్టు.

"సరే రాజ్యం, సరే" అన్నాడు. గాలం అందుకున్నాడు. అది తన గోరుమీద లాగి చూసుకోవచ్చు. ఆమె చూస్తుండగా ఆ పని చేయడానికి మనసొప్పలేదు. ఏ డబ్బాలో వెయ్యాలో తెలియక, దాన్ని వేళ్ళమధ్య పట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు.