పైన ఏం లేదండీ!

మా మామయ్య పర్యాటక శాఖలో గైడు. ఉన్నదాన్ని లేదని చెప్పి నెలనెలా జీతం తీసుకునే మనిషి ఈ భూప్రపంచంలో ఆయనొక్కడే.

నదొచ్చి సరస్సులోకి దూకే చోటు మాది. జలపాతం ఉంది, గుహ ఉంది, పక్షుల దీవి ఉంది. వాటి దగ్గరికి జనాన్ని చేర్చే పడవ నాది. తొమ్మిదో తరగతిలో చదువు నా వేగం అందుకోలేక వెనకబడిపోయింది గానీ, లేకపోతే నేనీపాటికి ఆ శాఖకే పెద్దనయ్యేవాణ్ణి. "పొద్దున్నే పైన బయల్దేరిన నీళ్ళండీ, కిందికి చేరేసరికి భోజనాల వేళవుతుంది!" అని నేను చెప్తుంటే జనం తెరిచిన నోరు తెరిచినట్టే ఒడ్డుకి దిగేవారు. ఒడ్డున టోపీ పెట్టుకుని మామయ్య నిలబడి ఉండేవాడు.

"పైన ఏం లేదండీ. నీళ్ళు పైనుంచి కిందికి పడతాయి. కిందినుంచి పైకి పడితే వింత గానీ!"

అంతే, తెరిచిన నోళ్ళన్నీ టపటపా మూసుకునేవి.

ఒకసారి గుహ దగ్గర ఓ భారీ మనిషి నిలబడిపోయాడు. వాళ్ళవాళ్ళంతా ఆ సన్నటి సందులోంచి లోపలికి దూరిపోయారు. ఈయన పొట్ట దూరలేదు.

"లోపల ఏముంటుందండీ?" అన్నాడు దిగులుగా.

"చీకటండీ. మీ ఇంట్లో కరెంటు పోదా?"

ఇంకోసారి, నిండు నెలలతో ఉన్న ఓ అమ్మాయి పడవ కుదుపులకి భయపడి దీవికి రానంది. "పక్షులేగా తల్లీ! మనిషి కనబడగానే లేచిపోతాయి. మర్యాద తెలీని జాతి," అన్నాడు. దీవికని నా పడవెక్కిన నలుగురు అది విని దిగిపోయారు.

"మామయ్యా, నన్ను ముంచేస్తున్నావు!"

"పడవ మునగలేదుగా, ఊరుకోరా!"

ఎవరో ఒళ్ళు మండి పైకి ఉత్తరం రాశారు. 'చూడ్డానికి ఏమీ లేదని మీ గైడే చెబుతున్నాడు' అని. సోమవారం పెద్దాఫీసరు స్వయంగా వచ్చి చూస్తాడనీ, అది నిజమని తేలితే ఉద్యోగం ఊడుతుందనీ కబురొచ్చింది. అత్తయ్య నా దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. "ఈ పని పోతే ఆయనకి ఇంకోటి చేతకాదురా. సరస్సు పక్కన పుట్టి ఈత కూడా రాదు!" అంది.

నేను రంగంలోకి దిగాను. ఆదివారమంతా కూర్చోబెట్టి మూడు ముక్కలు నేర్పాను. అద్భుతం, అమోఘం, తప్పక చూడండి. 'అద్భుతం' అన్నప్పుడల్లా కషాయం మింగినట్టు మొహం పెట్టాడు గానీ, సాయంత్రానికి దారిలో పడ్డాడు.

సోమవారం ఆఫీసరు భార్యనీ, తల్లినీ వెంటబెట్టుకుని దిగాడు. మామయ్య టోపీ సర్దుకున్నాడు.

"అద్భుతమండీ! అమో..."

ఆఫీసరు తల్లి చేతికర్ర మీద ఆనుకుని జలపాతానికెక్కే మెట్లకేసి చూస్తోంది. మూడు వందల పన్నెండు మెట్లు. ఆ చూపు పదో మెట్టు దగ్గరే ఆగిపోయి వెనక్కి వచ్చింది. మామయ్య ఆవిణ్ణి చూశాడు.

"అమో... అబ్బే, ఏం లేదండీ పైన. ఉత్త నీళ్ళు!"

నేను తల పట్టుకున్నాను.

"ఉత్తరంలో రాసింది నిజమేనన్నమాట. కిందికొచ్చాక నీ సంగతి చెప్తాను," అని ఆఫీసరు ఎర్రగా చూసి, భార్యతో మెట్లెక్కేశాడు.

మామయ్య ఆవిణ్ణి నడిపించుకెళ్ళి నీటి పక్కన బండమీద కూర్చోబెట్టాడు. "అరచెయ్యి బండకి ఆనించండమ్మా," అన్నాడు. ఆనించింది. పైన పడుతున్న జలపాతం అదురు రాతిలోంచి ఆవిడ చేతిలోకి పాకింది. కాళ్ళు నీళ్ళలో పెట్టించాడు. చిట్టి చేపలొచ్చి కొరికాయి. ఆవిడ చిన్నపిల్లలా కిలకిలా నవ్వింది.

"నిజం చెప్పు నాయనా, పైన ఏమీ లేదా?"

"బోలెడుందమ్మా. ఎక్కినవాళ్ళకి అది ఎలాగూ కనబడుతుంది. ఎక్కలేనివాళ్ళు కింద కూర్చుని, ఏం పోగొట్టుకున్నామో అని మెడ నొప్పెట్టేదాకా పైకి చూస్తారు. ప్రతి పడవలోనూ ఒకరుంటారమ్మా."

నేను కథలతో వెయ్యిమందిని నమ్మించినవాణ్ణి. ఇన్నేళ్ళూ ఆయన ఎవరివైపు చూసి ఆ మాట అంటున్నాడో నాకు పట్టనే లేదు.

గంట తర్వాత ఆఫీసరు తలనుంచి పాదాల దాకా తడిసి, మొహం వెలిగిపోతూ పరుగున దిగాడు. "అమ్మా! పైన ఏముందనుకున్నావ్..." అంటూ తల్లి మొహం చూశాడు. నీళ్ళలో ఉన్న కాళ్ళు చూశాడు. మామయ్యని చూశాడు.

"ఏముందిరా?" అంది తల్లి.

"పెద్దగా... ఏం లేదమ్మా."

"ఒరే, నీకు అబద్ధం ఎప్పుడు చేతనయింది గనక! చెవుల్లోంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకో," అని పకపకా నవ్వింది.

ఆఫీసరు ఫైలు తెరిచి 'ఫిర్యాదులో పస లేదు' అని రాసి, తడి చేత్తో సంతకం పెట్టాడు. సగం చెరిగిపోయినా చెల్లింది.

నెల తిరక్కుండా ఆవిడ మళ్ళీ వచ్చింది. కొడుకు లేడు. వెంట ఐదుగురు స్నేహితురాళ్ళు, మొత్తం ఆరు చేతికర్రలు. పడవ దిగాక ఒక్కరూ మెట్లకేసి చూడలేదు.

"ఏమయ్యా, ఈ కింద ఏమేం ఉన్నాయో అన్నీ చూపించు మా వాళ్ళకి," అంది.

మామయ్య టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. మొదలెట్టాడు మహానుభావుడు! బండ గురించి, చేపల గురించి, గాలి తిరిగితే ఏ మూలకి తుంపర వస్తుందో దాని గురించి. నేను నేర్పిన మూడు ముక్కలూ చాలక సొంతంగా ముప్ఫై కల్పించాడు. పొద్దు వాలుతోంది. పడవ కదలాలని నేను హారను మూడుసార్లు కొట్టాను.

"ఉండరా, ఇంకా సగం కూడా చెప్పలేదు!" అన్నాడు, ఉన్నదాన్ని లేదని చెప్పే మా మామయ్య.