కర్టిస్ చివరి ఆటకు సర్రీ నుంచి

సెప్టెంబరులో ఒక ఆదివారం ఉదయం తొమ్మిదీ నలభైకి నేనూ, శ్రీకాంతూ సర్రీలోని మా బేస్‌మెంట్ నుంచి బయలుదేరాం. వాంకూవర్‌లో ఒంటిగంటకు బేస్‌బాల్ ఆట. ఆ ఆట గురించి మా ఇద్దరికీ కలిపి తెలిసింది ఒక్కటే, బ్యాటు గుండ్రంగా ఉంటుందని.

అప్పట్లో సర్రీలో ఏ బేస్‌మెంట్ తలుపు కొట్టినా మనవాళ్లే తీసేవారు. కాలేజీలో సీటు, వేర్‌హౌస్‌లో షిఫ్టు, గదికి ముగ్గురు. నాది కాకినాడ. శ్రీకాంత్‌ది కరీంనగర్, నాకంటే రెండేళ్లు చిన్న, నన్ను అక్కా అంటాడు. ఇద్దరం ఒకే వేర్‌హౌస్‌లో అట్టపెట్టెలకు టేపు వేసేవాళ్లం. అక్కడ మాకు పని నేర్పినవాడు కర్టిస్. సర్రీలోనే పుట్టినవాడు. ముప్పై నాలుగేళ్లకే అరవై ఏళ్లవాడిలా మోకాళ్లు పట్టుకుని లేస్తాడు. ఏటా అక్టోబరులో వచ్చి మార్చిలో మాయమవుతాడు. మిగతా నెలలు ఏం చేస్తావని అడిగితే "బేస్‌బాల్ ఆడతా, జీతమిస్తారు" అన్నాడు. శ్రీకాంత్ నమ్మలేదు. ఆడినందుకు జీతం తీసుకునేవాడు మనతో పాటు పెట్టెలెందుకు మోస్తాడన్నది వాడి వాదన. చిన్న లీగుల్లో ఆడేవాళ్లకు చలికాలం జీతం రాదని తర్వాత తెలిసింది. పదమూడేళ్లుగా ఊరు తరవాత ఊరు మారుతూ ఆడుతున్నాడు. పెద్ద లీగ్‌లో ఒక్కరోజు కూడా ఆడలేదు. వేర్‌హౌస్‌లో మనవాళ్లందరికీ అతను 'అన్నా'. ఆ పిలుపుకు పలకడం కూడా అలవాటు చేసుకున్నాడు.

బుధవారం అతని నుంచి మెసేజ్ వచ్చింది. "ఆదివారం సీజన్‌లో చివరి ఆట. దాంతో నేనూ ఆపేస్తున్నా. కుర్రాళ్లను ఆడించాలి కాబట్టి నన్ను దింపుతారో లేదో తెలీదు. ఖాళీ ఉంటే రండి." పదమూడేళ్లు ఆడినవాణ్ని ఆఖరి రోజున కూడా బెంచీ మీదే కూర్చోబెడతారేమోనని మాకు దిగులు పట్టుకుంది.

రిటైర్మెంట్ ఎలా జరగాలో మాత్రం మాకు బాగా తెలుసు. శాలువా, జ్ఞాపిక, ఉపన్యాసం. మా నాన్నగారు హెడ్‌మాస్టరుగా రిటైరైన రోజు పదకొండు శాలువాలు వచ్చాయి, ఇప్పటికీ ఇస్త్రీ చేసేటప్పుడు కింద అవే పరుస్తాం. సర్రీలో ఒక బట్టల కొట్లో జరీ అంచు శాలువా దొరికింది. జ్ఞాపిక దొరకలేదు. ఉపన్యాసం శ్రీకాంత్ ఇంగ్లీషులో రెండు పేజీలు రాశాడు.

పదీ పదికి సర్రీ సెంట్రల్‌లో స్కైట్రెయిన్ ఎక్కాం. ఆదివారం కావడంతో సీట్లు దొరికాయి. ఎదురుగా కూర్చున్న పంజాబీ అంకుల్ నా ఒళ్లోని శాలువా చూసి "పెళ్లికా?" అని హిందీలో అడిగారు.

"కాదంకుల్, రిటైర్మెంట్‌కి."

"ఎన్నేళ్లు?"

"ముప్పై నాలుగు."

"సర్వీసా?"

"వయసు."

ఆయన "నాకు అరవై తొమ్మిది. రేపు పొద్దున ట్రక్కు డ్యూటీ ఎక్కాలి" అని చెప్పి న్యూ వెస్ట్‌మిన్‌స్టర్‌లో దిగిపోయారు.

పదకొండుకు వాటర్‌ఫ్రంట్‌లో రైలు మారి, పదకొండుంబావుకి కింగ్ ఎడ్వర్డ్‌లో దిగాం. అక్కడి నుంచి మైదానానికి ఇరవై నిమిషాల నడక. దారంతా చెట్ల నీడే, గొడుగు అక్కర్లేదు. గేట్లు పన్నెండుకు గానీ తీయరు. బయట బల్ల మీద కూర్చుని డబ్బాలో తెచ్చుకున్న నిమ్మకాయ పులిహోర తిన్నాం.

ఆటగాళ్లు తమవాళ్ల కోసం టికెట్లు కిటికీ దగ్గర పెట్టిస్తారు. కర్టిస్ పేరు రాసిన కవరులో రెండే ఉన్నాయి, రెండూ మావే. కిటికీలో అమ్మాయి "ఫ్యామిలీయా?" అంటే శ్రీకాంత్ తడుముకోకుండా అవునన్నాడు. లోపల సంచులు చూసే మనిషి శాలువా విప్పి "దుప్పటా?" అన్నాడు. ఎండ మాడ్చేస్తోంది. దుప్పటేనన్నాం.

నా పక్క సీట్లో మార్గరెట్ అనే పెద్దావిడ పెన్సిల్‌తో ఒక గళ్ల పుస్తకంలో ప్రతి బంతీ రాసుకుంటోంది. ఎవరి కోసం వచ్చారని అడిగితే కర్టిస్ పేరు చెప్పాను. "క్యాచరా, మోకాళ్లు పోయుంటాయి పాపం" అంది. క్యాచరంటే మన వికెట్‌కీపరే, కాకపోతే మూడు గంటలూ గొంతుక్కూర్చునే ఉండాలి.

ఆటలో తొమ్మిది ఇన్నింగ్స్. మొదటి ఏడింటిలో కర్టిస్ మైదానం చివర కంచె పక్కన కుర్ర బౌలర్లకు బంతులు పట్టి ఇస్తూ ఉండిపోయాడు. శ్రీకాంత్ రెండు హాట్‌డాగులు తిని, ఒక ఇన్నింగ్స్ నిద్రపోయాడు. నాకు నిద్ర రాలేదు. స్కోరుబోర్డు మీద ఇన్నింగ్స్ నంబరు మారినప్పుడల్లా కంచె వైపు చూసి, అతను ఇంకా అక్కడే ఉంటే కోచ్ మీద ఒళ్లు మండేది.

ఎనిమిదో ఇన్నింగ్స్‌లో మైకులో కర్టిస్ పేరు వినిపించింది. శ్రీకాంత్ కుర్చీ మీదెక్కి ఈల వేశాడు. కర్టిస్ బ్యాటు పట్టుకుని వచ్చి, మూడో బంతిని నేల మీదుగా కొట్టి పరిగెత్తాడు. పరుగు అనడం మర్యాద కోసం. సగం దారిలో ఉండగానే అవుట్. అయినా ఆడాడు కదా అని నాకు ప్రాణం కుదుటపడింది.

తొమ్మిదో ఇన్నింగ్స్‌కి మాస్కు, కవచం తొడుక్కుని క్యాచర్‌గా వచ్చి కూర్చున్నాడు. కర్టిస్ జట్టే ఒక పరుగు ముందుంది. ఒక్క బంతి పట్టాడు. అంతే, కోచ్ నడుచుకుంటూ మైదానంలోకొచ్చి అతని భుజం మీద చెయ్యి వేసి బయటికి పొమ్మన్నాడు. ఇంకో కుర్ర క్యాచర్ అప్పటికే గ్లవ్ పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు.

శ్రీకాంత్‌కి ఒళ్లు తెలియలేదు. "ఏం తప్పు జేసిండని తీసేస్తుండ్రు? ఒక్క బాలేనా? గిదేం న్యాయం?" అని తెలుగులోనే అరిచాడు. నేనూ లేచి "ఆడనివ్వండి!" అని ఇంగ్లీషులో కేకేశాను. మా చుట్టూ ఉన్నవాళ్లంతా కూడా లేచారు. మాకు మద్దతుగా లేచారనుకున్నాం.

మార్గరెట్ నా మోచెయ్యి పట్టుకుంది. "అమ్మాయీ, అది శిక్ష కాదు. ఆట అయిపోయాక తీస్తే అందరితో కలిసి వెళ్లిపోతాడు. మధ్యలో తీస్తే ఒక్కడే నడుస్తాడు. మనం లేవడానికే అలా తీస్తారు."

అప్పుడు చూశాను. ఆట ఆగిపోయింది. అవతలి జట్టువాళ్లు కూడా బెంచీ దిగి వచ్చి చప్పట్లు కొడుతున్నారు. కర్టిస్ మాస్కు తీసి చేత్తో పట్టుకుని, ఆ కుంటినడకతో, ఏ తొందరా లేకుండా వస్తున్నాడు. చప్పట్లు అతను లోపలికి వెళ్లేదాకా ఆగలేదు. మేము అరిచిన అరుపులకు సిగ్గేసి, మేమూ చప్పట్లు కొట్టాం. మార్గరెట్ మాత్రం కూర్చుని గళ్లలో ఏదో రాసుకుంది.

నాలుగూ ఇరవైకి ఆటగాళ్ల గేటు దగ్గర శాలువా కప్పాం. మెడ వంచాలని ఎవరూ చెప్పకుండానే వంచాడు. శ్రీకాంత్ కాగితాలు తీసి, మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయి "థాంక్యూ అన్నా" అని మడిచి జేబులో పెట్టుకున్నాడు. నేను విన్న రిటైర్మెంట్ ఉపన్యాసాల్లో అదే మంచిది.

కర్టిస్ కారు రిపేరులో ఉందట, మాతోనే స్కైట్రెయిన్‌కి వచ్చాడు. వెళ్లదలచినవాళ్లకు నేను చెప్పేదేమిటంటే, టోపీ తీసుకెళ్లండి, ఏడో ఇన్నింగ్స్ దాకా ఓపిక పట్టండి, ఎవరినైనా మధ్యలో తీసేస్తే అరవకండి. అయిదుంబావుకి వాటర్‌ఫ్రంట్‌లో సర్రీ రైలు దొరికింది.

రైల్లో అతను ఫోను నా చేతికిచ్చాడు. వేర్‌హౌస్‌లో ఫుల్‌టైమ్ పోస్టుకి అప్లై చేయడానికి ఆ రోజే ఆఖరు. బంతులు తగిలి తగిలి వంకర్లుపోయిన అతని వేళ్లకు ఆ చిన్న గళ్లు దొరకడం లేదు. ఫారాలు నింపడంలో మాకున్న అనుభవం ఈ దేశంలో ఇంకెవరికీ ఉండదు. ఏటా అక్టోబరులో నింపే పాత ప్రొఫైలే కాబట్టి పేరు, చిరునామా అన్నీ సిద్ధంగా ఉన్నాయి. ఉద్యోగం అన్నచోట 'బేస్‌బాల్ ఆటగాడు'. దాని కింద 'ప్రస్తుతం ఇక్కడే పనిచేస్తున్నాను' అన్న గడిలో టిక్కు. అది ఉన్నంతవరకూ ఫుల్‌టైమ్ అప్లికేషన్ ముందుకు కదలడం లేదు.

"ఇది తీసెయ్యాలి" అన్నాను.

"తీసెయ్యి" అన్నాడు కర్టిస్.

"అక్కా, నువ్వు తియ్యకు. అన్ననే తియ్యాలె" అన్నాడు శ్రీకాంత్. తెలుగు రాకపోయినా కర్టిస్‌కి అర్థమైంది. ఫోను తీసుకుని బొటనవేలితో నొక్కాడు. పడలేదు. మళ్లీ నొక్కాడు. రైలు నది మీది వంతెన ఎక్కింది. మూడోసారికి టిక్కు పోయింది. మైదానంలో అంతమంది లేచి నిలబడినప్పుడు తడవని అతని కళ్లు అప్పుడు తడిశాయి.

కింద కొత్త గడి తెరుచుకుంది. చివరి పనిదినం.

"ఈరోజేగా?" అన్నాను నెమ్మదిగా.

"ఈరోజు ఇంకా అయిపోలేదు" అన్నాడు.

నేను రేపటి తేదీ పెట్టాను. ఫారం ఏమీ అనలేదు.