బీర్ల పండితుడి మీద వాకబు

ఆ రోజుల్లో అమీర్‌పేటలో బస్సు దిగిన ప్రతి కుర్రాడూ ఏదో ఒక కోర్సు నేర్చుకోవడానికే దిగేవాడు. నేనూ గోదావరి జిల్లా నుంచి అలాగే వచ్చి దిగాను. కోర్సు సగంలో ఉండగానే, అదే మెట్ల మీద ఇంకో అంతస్తు ఎక్కితే ఉద్యోగం దొరుకుతుందని తెలిసి ఎక్కేశాను. అది రాతపని. ఎక్కడెక్కడి దేశాలవాళ్లో తమ వెబ్‌సైట్లకు వ్యాసాలు కావాలంటే మా బాసుగారు ఒప్పుకునేవారు, మేం ఇంగ్లీషులో రాసిచ్చేవాళ్లం. ఇంటి కప్పు మీద మంచు పేరుకుంటే ఏం చేయాలో నేను రాశాను (మా ఊళ్లో మంచంటే ధనుర్మాసం పొగమంచే). కుక్కల చెవిపోటు మీద రాశాను. గుర్రానికి జీను ఎలా ఎంచుకోవాలో రాసి మెచ్చుకోలు కూడా సంపాదించాను. గుర్రాన్ని నేను పెళ్లి ఊరేగింపుల్లోనే చూశాను, అదీ వెనక నుంచి. ఈ ఉద్యోగం ఏమిటో మా నాన్నకు వివరించబోయి, కుదరక, ‘కంప్యూటర్ పని’ అని చెప్పి ఊరుకున్నాను.

ఒక సోమవారం పొద్దున బాసుగారు ‘ప్రపంచ దేశాల అభిమాన బీర్లు’ అనే పెద్ద వ్యాసం ఒప్పుకుని వచ్చి గది మధ్యలో నిలబడ్డారు. అడక్కముందే నలుగురు చేతులెత్తారు. ఆయన వాళ్ల వైపైనా చూడకుండా, “నువ్వు రాయి. వీళ్లకిస్తే పరిశోధన అని బయటికెళ్లి తిరిగి రారు” అని నాకు అప్పగించారు. బీరు ఎలా ఉంటుందో నాకు తెలియదు. మా ఇంట్లో పెద్దవాళ్లు ఆ మాట పైకి అనడానికి కూడా ఇష్టపడరు, మరీ అనాల్సొస్తే గొంతు తగ్గించి ‘అది’ అంటారు. “నాకు అలవాటు లేదండి” అన్నాను. “గుర్రాలు అలవాటా?” అన్నారాయన.

కూర్చుని చదివాను. చదువుతున్నకొద్దీ ఆశ్చర్యపోయాను. జర్మనీలో గోధుమలతో చేసే బీరులో అరటిపండు వాసన, లవంగం ఘాటు ఉంటాయట. బెల్జియంలో మఠాల్లో సన్యాసులు ప్రార్థనల మధ్య ఖాళీ దొరికినప్పుడు బీరు కాస్తారట. ఐర్లండువాళ్లది నల్లగా, పైన మీగడలాంటి నురగతో, వేయించిన కాఫీ గింజల్లా ఉంటుందట. మెక్సికోలో సీసా మూతిలో నిమ్మముక్క గుచ్చి ఇస్తారట. ఇంకోచోట తేనె, మరోచోట నారింజ తొక్క, చెర్రీపళ్లు. ఇదంతా చదివి నేను ఒక నిశ్చయానికి వచ్చాను. బీరంటే రకరకాల పళ్లరసం, కాకపోతే కాస్త మత్తెక్కిస్తుంది, అంతే. మధ్యమధ్య ‘చేదు’ అన్న మాట తగిలేది కానీ, సంగీతం తెలిసినవాళ్లు గొంతులో ‘జీర’ ఉందని మెచ్చుకుంటారే, అలాంటి మర్యాదపూర్వకమైన మాట కాబోలు అనుకున్నాను.

నా రూమ్మేటు పంజాగుట్ట దగ్గర ఒక పెద్ద హోటల్లో స్టోర్స్ చూసేవాడు. నా అవస్థ విని, అతిథులు తాగి వదిలేసిన విదేశీ సీసాలను లేబుళ్లు చిరక్కుండా సంచిలో పెట్టుకుని తెచ్చేవాడు. వాసన పట్టుకుందామని నేను వాటిని సబ్బుపొడితో శుభ్రంగా కడిగి మూతి దగ్గర ముక్కు పెట్టేవాణ్ని. ఏ దేశం సీసా అయినా సబ్బు వాసనే వచ్చేది. రాయడం అయ్యాక పారేయడానికి మనసొప్పక వాటిని కిటికీ గట్టు మీద వరసగా పేర్చాను. ఒకదాంట్లో మనీప్లాంటు కూడా పెట్టాను. వ్యాసం రాయించుకున్న విదేశీయులకు అది తెగ నచ్చింది, ఇంకా రాయమన్నారు. అలా కొన్నాళ్లపాటు బీర్లకు నేనే ఆస్థాన పండితుణ్ని అయిపోయాను.

మేముండేది బల్కంపేటలో, ఎల్లమ్మ గుడికి రెండు సందుల అవతల, మేడ మీద గది. కింద ఇంటి ఓనరు. వయసులో ఉండగా కుస్తీలు పట్టాడు కాబట్టి వీధంతా ఆయన్ని పైల్వాన్ అనేది, మేం పైల్వానన్న అనేవాళ్లం. ఆయన దృష్టిలో కల్లు, బీరు దాచుకోవాల్సిన సంగతులు కావు. బోనాలకు అమ్మవారికే నైవేద్యంగా కల్లు సాక పోస్తారు కదా, మనుషులకు తప్పేమిటని ఆయన లెక్క. ఒకసారి గదికొచ్చి ఆ సీసాల బారు చూసి కళ్లు విప్పార్చాడు. నేను ఒక్కొక్క దాని చరిత్రా చెప్పాను. ఆయన మంచం మీద కూర్చుని, హరికథ వింటున్నంత శ్రద్ధగా విన్నాడు. ఆ తర్వాత బామ్మర్ది పెళ్లికి ఏ బీరు తెప్పించాలో నన్నే అడిగాడు. నేను గట్టిగా ఆలోచించి, మాంసానికి నల్లటిది బాగుంటుందని చెప్పాను. నేను తాగనని ఆయనకు చెప్పలేదు. ఆయనా ఎప్పుడూ అడగలేదు.

ఇలా ఉండగా నాకు ఒక పెళ్లి సంబంధం వచ్చింది. అమ్మాయి ఎర్రమంజిల్ క్వార్టర్లలో పిన్నిగారింట్లో ఉంటూ, పంజాగుట్టలో ఒక ఆసుపత్రి ల్యాబులో పనిచేసేది. వాళ్లదీ మా జిల్లాయే. పెళ్లిచూపుల్లో మమ్మల్నిద్దరినీ బాల్కనీలోకి పంపినప్పుడు ఆ అమ్మాయి, “మీరు రాసేవి ఎవరు చదువుతారు?” అని అడిగింది. నన్ను అప్పటిదాకా ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. “తెలీదండి” అన్నాను. ఆ అమ్మాయి నవ్వింది. వెక్కిరించే నవ్వు కాదు. ఇంటికొచ్చి అమ్మకు ఫోన్ చేసి, చేసుకుంటే ఈ అమ్మాయినే చేసుకుంటానన్నాను. అబద్ధమెందుకు, ఆ వారమంతా నాకు అన్నం సహించలేదు. వాళ్ల నాన్నగారిది ఒకటే పట్టుదలట, అబ్బాయికి తాగుడు ఉండకూడదు. ఆయన అన్నగారు తాగుడుతోనే పొలమూ ప్రాణమూ పోగొట్టుకున్నారు. అందుకని సంబంధం ఖాయం చేసుకునే ముందు అబ్బాయి ఉండేచోట వాకబు చేయడం ఆ ఇంటి ఆనవాయితీ.

వాకబుకు అమ్మాయి మేనమామ వచ్చారు. ఓడల్లో ఇంజనీరుగా పనిచేసి రిటైరైన మనిషి, ఇంట్లో అందరూ ఓడ మామయ్య అంటారు. ఆ శనివారం మధ్యాహ్నం నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి పైల్వానన్న అరుగు మీద నవారు మంచం వేసి ఆయన్ని కూర్చోబెట్టి టీ ఇచ్చి, నా గుణగణాలు వర్ణిస్తున్నాడు. నేను గేటు దగ్గరే ఆగిపోయాను.

“పిలగాడు మస్తు మంచోడు సార్, జర సుత ఫికర్ వెట్టుకోకుండ్రి. లొల్లి లేదు, గలాట లేదు. బీర్లల్ల అయితే గాయన్ని మించినోడు లేడు! దునియల ఏ దేశంల ఏ బీరు మంచిగుంటదో కండ్లు మూస్కొని చెప్తడు. మా బామ్మర్ది పెండ్లికి సుత గాయన్నే అడిగినం. రూముల సీసాలు చూస్తే మీకే ఎర్కైతది. గన్ని సీసాలు ఖాళీ చేసిండా, ఒక్కనాడన్న తూలుకుంట రాలే సార్! గసువంటి పిలగాడు యాడ దొర్కుతడు చెప్పుండ్రి?”

మామయ్యగారి చేతిలో టీ గ్లాసు మూతికి సగం దూరంలో ఆగిపోయింది. పైల్వానన్న నన్ను చూసి, నీ పని అయిపోయింది పో అన్నట్టు కన్నుగీటాడు. ఆ మాట ఒకరకంగా నిజమే. (ఆ మహానుభావుడు కట్టుకథేమీ చెప్పలేదు. ఆయన మనసారా ఇచ్చిన యోగ్యతాపత్రం అది. వాళ్లవైపు అబ్బాయికైతే ఆ మాటలకే మర్నాడు తాంబూలాలు పుచ్చుకునేవారు.)

మామయ్యగారు లేచి నా వెనకే మేడెక్కారు. కిటికీ గట్టు ముందు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి, సీసాలన్నీ ఒక్కొక్కటే చదివారు. “నేను తాగనండి” అన్నాను. ఆయన తలూపారు, ఆ ఊపు నమ్మకంతో ఊపింది కాదు. వ్యాసాల సంగతి చెప్పాను, హోటల్ రూమ్మేటు సంగతి చెప్పాను, సబ్బుపొడి సంగతి కూడా చెప్పాను. చెబుతుంటే నాకే నమ్మబుద్ధి కాలేదు.

“చూడు నాయనా, నాకేం పట్టింపు లేదు. రేపు మా బావగారు అడుగుతారు. ‘గది నిండా సీసాలున్నాయి, కానీ కుర్రాడు తాగడట’ అని నేను చెప్పానే అనుకో. ముందు నా నోరు వాసన చూస్తారాయన” అన్నారు. ఆ బాల్కనీ, ఆ నవ్వు చేజారిపోతున్నాయని తెలిసింది. “ఆ అమ్మాయిని వదులుకోలేనండి” అనేశాను, సిగ్గులేకుండా. “చెప్పులేసుకో” అన్నారాయన.

ఆటోలో పంజాగుట్ట తీసుకెళ్లారు. అప్పటికి అక్కడ మెట్రో స్తంభాలు ఇంకా లేస్తున్నాయి, దారి పొడుగునా దుమ్ము. ఎక్కడికో చెప్పలేదు. మిట్టమధ్యాహ్నం పూట ఒక బార్లోకి నడిపించి, ఎదురుగా కూర్చోబెట్టి, బాగా చల్లటి బీరు ఒకటి తెమ్మన్నారు. “నువ్వు రాసినవన్నీ చెప్పు, తర్వాత తాగి ఇదెలా ఉందో చెప్పు” అన్నారు. నేను అరటిపండు మొదలుకుని నిమ్మముక్క దాకా గడగడా అప్పజెప్పాను. అంట్‌వెర్ప్‌లో, హాంబర్గ్‌లో ఓడ ఆగినప్పుడు తాను తాగినవాటిని తలచుకుంటున్నారో ఏమో, ఆయన కళ్లు మూసుకుని విన్నారు. ఈలోగా బేరర్ సీసా తెచ్చి గ్లాసులో పోశాడు. బంగారు రంగు, పైన నురగ, అచ్చం నేను రాసినట్టే. సన్యాసుల్ని స్మరించుకుని ఓ పెద్ద గుక్క తాగాను.

వేపాకు కషాయం! నోరంతా చేదు. మింగాలో ఉమ్మాలో తెలియక మింగాను. ఆ క్షణంలో నాకొచ్చిన ఆలోచన ఒక్కటే. మామయ్యగారి డబ్బుతో వీళ్లు మాకు పాడైన సరుకు అంటగట్టారు. చిటికేసి బేరర్‌ని పిలిచాను.

“ఇది పాడైపోయింది. మార్చండి” అన్నాను.

“ఏమైంది సార్? మంచిగనే ఉంది కదా.”

“చేదుగా ఉంది.”

ఆ బేరర్ నన్ను, గ్లాసును, మామయ్యగారిని వరసగా చూశాడు. “సార్, బీరంటే గిట్లనే ఉంటది” అన్నాడు మెల్లిగా.

నాకు ఒళ్లు మండింది. బీరంటే ఎలా ఉంటుందో నాకు చెబుతాడా! సీసాకు ఎండ తగిలితే బీరు చెడిపోతుందనీ, అందుకే ముదురు రంగు సీసాల్లో పోస్తారనీ, నిల్వ చేసే పద్ధతి తెలియనివాళ్లు వ్యాపారం చేయకూడదనీ నా వ్యాసంలోని మూడో పేరా మొత్తం అతనికి వినిపించాను. పాపం అతను వెళ్లి ఇంకో సీసా తెచ్చాడు. అదీ చేదే. “ఇదీ ఆ పెట్టెలోదే అయ్యుంటుంది. మీ మేనేజర్ని పిలవండి” అన్నాను. అప్పుడతను వంగి, నా భుజం మీద చెయ్యి వేసి, “అన్నా, ఫస్ట్ టైమా?” అని ఎంతో దయగా అడిగాడు.

మామయ్యగారి నుంచి దగ్గులాంటి శబ్దం వచ్చింది. చూస్తే ఆయన టేబుల్ మీద తల ఆనించి, భుజాలు అదిరేలా నవ్వుతున్నారు. తేరుకున్నాక కళ్లు తుడుచుకుని, “నటించేవాడు మొహం వంకర పెడతాడు. బేరర్‌తో పోట్లాటకి దిగడు” అన్నారు. నా గ్లాసు తన వైపు జరుపుకుని, “ఇది మా బావగారికి తెలియాల్సిన అవసరం లేదు” అని ఆ రెండు సీసాలూ ఆయనే పూర్తి చేశారు. బయటికొచ్చాక, సోంపు నములుతూ ఆయన ఫోన్‌లో, “బావా, కుర్రాడు నిప్పు. పూచీ నాది” అనడం నా చెవులతో విన్నాను. పైల్వానన్నకు అసలు సంగతి తెలిసి మాత్రం చాలా నొచ్చుకున్నాడు. “తాగనోని మాట విని మావోళ్లకు నల్ల బీరు తాపిచ్చిన్నా నేను!” అని కొన్నాళ్లు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

రెండు రోజులకు ఆ అమ్మాయి ఫోన్ చేసింది. పిలిస్తే ఎర్రమంజిల్ వెళ్లాను. మామయ్య అంతా చెప్పేశాడంది. “మీ వ్యాసం చదివాను. చదువుతుంటే నాకే తాగాలనిపించింది. రుచి చూడకుండానే అంత బాగా రాశారే, ఇప్పుడు రుచి తెలిసింది కదా, ఏం రాస్తారు?” అని అడిగింది. “చేదని రాస్తానండి” అన్నాను. మళ్లీ అదే నవ్వు. “అయితే ఎప్పుడైనా నా గురించి కూడా రాయండి. తొందరేం లేదు. బాగా తెలిశాకే రాయండి” అంది. అది ఒప్పుకోలు అని నాకు అర్థమవడానికి ఎర్రమంజిల్ నుంచి బల్కంపేట దాకా నడవాల్సొచ్చింది.

పెళ్లయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు నాకు ఆవిడ బాగానే తెలుసు. కోపం వస్తే గిన్నెలు ఎంత నెమ్మదిగా సర్దుతుందో తెలుసు, డ్యూటీలో ఎవరిదో రిపోర్టు చూసి దిగులుపడి వస్తే మొహం చూసి చెప్పగలను. అప్పుడప్పుడు, “నా గురించి రాయమన్నాను, ఏదీ?” అంటుంది. కూర్చుంటాను. చూడని గుర్రాల మీద, తాగని బీర్ల మీద ఉరుకులు పెట్టిన చెయ్యి మొదటి వాక్యం దగ్గరే ఆగిపోతుంది. ఏం రాసినా, ఆవిడ అంతకంటే ఎక్కువే అనిపించి కొట్టేస్తాను. ఒకప్పటి నాకు, ఆ పాతికేళ్ల కుర్రాడికి, అప్పగిస్తే సాయంత్రానికల్లా నాలుగు పేజీలు రాసి పారేసేవాడు. అందులో ఒక్క ముక్కా నిజం ఉండేది కాదు. ఆవిడ చదివి పడీపడీ నవ్వేది. ఆ నవ్వు కోసమైనా వాణ్ని ఒక్క పూటకి పిలిపించాలని ఉంటుంది.