మొరంగడ్డ మీద జింకలు

మా పాపకు రెండేళ్లు నిండబోతున్న రోజుల్లో, బీదర్‌లో మేము అద్దెకున్న ఇంటి ముందుగది గోడకు జంతువుల బొమ్మల పటం ఒకటి ఉండేది. ఏనుగు, పులి, ఒంటె, జింక, నెమలి. పొద్దున లేవగానే పాప దాని ముందు నిలబడి ఒక్కో బొమ్మ మీద అరచెయ్యి ఆనించి, అన్నింటినీ ఒకే పేరుతో పిలిచేది: "అంబా." పులి కూడా అంబాయే, నెమలి కూడా అంబాయే. మా గల్లీలో తిరిగే ఆవులు తప్ప తను చూసిన జంతువులు వేరే లేవు మరి.

ఆ ఏడు దసరా సెలవుల్లో పక్కింటివాళ్లు విమానమెక్కి సముద్రం మధ్యలో ఏదో ద్వీపానికి వెళ్లొచ్చారు. ఫోన్‌లో ఫోటోలు చూపించారు. అక్కడి జింకలు మనుషుల చేతుల్లోంచి కొబ్బరి ముక్కలు తింటున్నాయి. పాప ఆ ఫోన్‌ను రెండు చేతులతో పట్టుకుని వదల్లేదు. లాక్కుని తిరిగిచ్చేస్తే గుక్కపట్టి ఏడ్చింది.

మా ఆయన అప్పుడు హుమ్నాబాద్ దగ్గర ఒక ఫ్యాక్టరీలో లేత్ మిషన్ మీద పనిచేసేవాడు. రోజూ పొద్దున పోతే పొద్దుగూకాక వచ్చేవాడు. ఆ రోజు భోజనాల దగ్గర పాప ఏడుపు సంగతి చెప్తే కాసేపు ఆలోచించి, "మనకు గూడ ఒక ద్వీపమున్నది గదా, మా మామ ఊర్లె," అన్నాడు.

నేను వేళాకోళం అనుకున్నాను. అత్తమ్మ మాత్రం చేతిలో ముద్ద చేతిలోనే పెట్టుకుని ఆగిపోయింది.

"మొరంగడ్డనా? అది ద్వీపమేంది రా?"

"నీళ్ల నడిమిట్ల ఉన్నది గదనే అమ్మా. నీళ్ల నడిమిట్లుంటే ద్వీపమే."

"అట్లయితే నేను ద్వీపంల మేకలు గాసినన్నట్టు," అని అత్తమ్మ చాలాసేపు నవ్వింది.

అత్తమ్మ పుట్టిల్లు భాల్కి వైపు, కారంజా డ్యాం వెనక నీళ్ల ఒడ్డున ఒక చిన్న ఊరు. ఆమె చిన్నప్పుడు అక్కడ డ్యాం లేదు. ఎర్ర మొరం నేల కొంచెం ఎత్తుగా లేచి, పొలాల మధ్య ఒక దిబ్బలా ఉండేదట. ఊరి పిల్లలంతా అక్కడే మేకలు కాసేవాళ్లు. ఆమె పెళ్లయి వచ్చాక నీళ్లు నిలిచాయి. పల్లపు పొలాలన్నీ మునిగిపోయి దిబ్బ ఒక్కటే పైన మిగిలింది. తమ్ముడి చేనులో సగం నీళ్లలో పోయింది. ఆయన మిగిలిన సగంలో కంది, సోయా వేసుకుంటూ, నీళ్లలో చేపలు పట్టడం నేర్చుకున్నాడు. తమ్ముడింటికి ఆమె ఎన్నోసార్లు పోయింది కానీ దిబ్బ మీదికి మళ్లీ పోలేదు.

దీపావళికి ఫ్యాక్టరీ మూసినప్పుడు బయల్దేరాం. పెళ్లయ్యాక చుట్టాల పెళ్లిళ్లకూ చావులకూ తప్ప మేము ఊరు కదిలింది లేదు. అందుకే నేను ఆ ప్రయాణానికి పాపకు కొత్త గౌను కుట్టాను, టోపీ కొన్నాను. భాల్కి బస్సులో అత్తమ్మ కిటికీ పక్కన కూర్చుని, ఎక్కడ ఏ పైరు ఉందో పాపకు చూపిస్తూనే ఉంది. పాప ఆమె మాట వినలేదు. ముందు సీటులోని ఆవిడ జడను పట్టుకు లాగడంలో మునిగిపోయింది.

మామ బస్సు దిగేచోటే కాచుకుని ఉన్నాడు. పొట్టి మనిషి, తలకు తువాలు, ఎప్పుడూ నవ్వుమొహం. "వచ్చిండ్రా ద్వీపానికి!" అని పాపను ఎత్తి భుజం మీద కూర్చోబెట్టుకున్నాడు. ఆ రోజు ఆయన ఇంట్లోనే ఉండి, మర్నాడు పొద్దున్నే రొట్టెలు, తొక్కు, ఉల్లిగడ్డలు మూట కట్టుకుని నీళ్ల దగ్గరికి నడిచాం.

ఒడ్డున మామ పుట్టి ఉంది. వెదురుతో అల్లిన పెద్ద గుండ్రని బుట్ట, కింద తారు పూసి ఉంది. అత్తమ్మ దాన్ని చూసి ఆగిపోయింది.

"నడిచిపోయిన తావుకు పడవల పోవాల్నా తమ్మీ?"

"ఇప్పుడు నడిస్తే మునుగుతవ్ అక్కా. ఫికర్ జెయ్యకు, ఎక్కు."

పుట్టి కదిలింది. ముందుకు పోతున్నట్టే ఉండదు, మెల్లగా తిరుగుతున్నట్టు ఉంటుంది. నేను పాపను గట్టిగా పట్టుకుని కళ్లు మూసుకున్నాను. కొంత దూరం పోయాక మామ తెడ్డు ఆపి, "అక్కా, ఇప్పుడు మన చింతచెట్టు మీదికెల్లి పోతున్నం," అన్నాడు.

అత్తమ్మ వంగి నీళ్లలోకి చూసింది. నేనూ చూశాను. పచ్చటి నీళ్లు తప్ప ఏమీ కనిపించలేదు. ఆమె కాసేపటికి తలెత్తి, "జర పక్కకు పోనియ్ తమ్మీ. కొమ్మలకు తగుల్తది," అంది.

ముందు మా ఆయన నవ్వాడు, తర్వాత మామ, తర్వాత నేను. ఆమె నవ్వలేదు. మామ నవ్వుతూనే తెడ్డు మార్చి పుట్టిని నిజంగానే పక్కకు తిప్పాడు.

సగం దూరంలో బర్రెలు కలిశాయి. ఊరి బర్రెలు రోజూ ఈదుకుంటూ దిబ్బ మీదికి మేతకు పోతాయట. నీళ్ల మీద తలలు మాత్రమే కనిపిస్తున్నాయి. కొమ్ములు వెనక్కి, ముక్కులు పైకి, బుస్సుమని ఊపిరి వదులుతూ మా పక్కనుంచే పోతున్నాయి. పాప నా చేతుల్లోంచి జారి లేచి నిలబడి, రెండు చేతులూ చాచి "అంబా! అంబా!" అని కేక పెట్టింది. పుట్టి ఒక పక్కకు ఒరిగింది. మా ఆయన గౌను వెనక పట్టుకుని గుంజి కూర్చోబెట్టాడు. ఆ గౌను కుట్టు అక్కడే పిగిలిపోయింది.

మొరంగడ్డ నేను అనుకున్నదానికంటే పెద్దదే. మోకాలెత్తు గడ్డి, అక్కడక్కడా తుమ్మపొదలు, మధ్యలో ఎర్రటి మొరం బండలు. ఒడ్డు పొడుగునా తెల్ల కొంగలు. జింకలు అవతలి కొసన మేస్తున్నాయి. వానలకు నీళ్లు పెరిగినప్పుడు అవి అక్కడే చిక్కుకుపోతాయని, ఎండాకాలం నీళ్లు దిగాక నడిచి చేలల్లోకి వస్తాయని మామ చెప్పాడు.

"అగో పాపా, జింక! పటంల ఉన్నది గదా, గదే!" అని మా ఆయన చెయ్యి చాపాడు.

పాప అటు చూడగానే కేరింతలు కొడుతూ పరిగెత్తింది. జింకలు ఒక్కసారిగా తలలెత్తాయి. మరుక్షణం గాల్లోకి ఎగిరెగిరి దూకుతూ పొదల వెనక్కి మాయమయ్యాయి. మేము చుట్టు తిరిగి అవతలికి పోయాం. పాప మళ్లీ అరిచింది, అవి మళ్లీ ఇవతలికి వచ్చేశాయి. పొద్దెక్కేదాకా ఇదే పని. మా ఆయనకు విసుగొచ్చింది. "అరువకు బిడ్డా, అరిస్తే ఉరుకుతయ్," అని బతిమాలాడు, గదమాయించాడు. పాప గడ్డిలో చతికిలబడి ఏడుపు లంకించుకుంది.

"ఇడ్సిపెట్టు రా," అంది అత్తమ్మ. "ఆకలైతాంది దానికి."

ఒక తుమ్మపొద నీడలో కూర్చుని రొట్టెలు తిన్నాం. పాప సగం రొట్టె తిని, సగం నలిపి, నానమ్మ ఒళ్లో ముడుచుకుని నిద్రపోయింది. ఎండ మెత్తగా ఉంది. ఎవరికీ లేవాలనిపించలేదు. మామ తువాలు మొహం మీద వేసుకున్నాడు.

అప్పుడు వచ్చాయి. ముందు మామ లేచి కూర్చుని వేలు పెదాల మీద పెట్టుకున్నాడు. రెండు మూడు లేళ్లు గడ్డి కొరుకుతూ మా వైపే నడుస్తున్నాయి. వాటి వెనక మిగతా మంద. అన్నింటికంటే వెనక ఇర్రి, మగజింక, పైన నిగనిగలాడే నలుపు, పొట్ట తెల్లగా, మెలితిరిగిన పొడవాటి కొమ్ములు. గడ్డి పుటుక్కుమని తెగే చప్పుడు వినపడేంత దగ్గరికి వచ్చాయి. ఒక చిన్న పిల్ల మందలోంచి విడిపోయి ఇంకా ముందుకొచ్చింది. పాప టోపీ ఊడి కాళ్ల దగ్గర పడి ఉంది. ఆ పిల్ల మెడ చాచి దాన్ని వాసన చూసింది. దాని ముక్కు తడి నాకు కనిపించింది.

మా ఆయన గుసగుసగా, "లేపు అమ్మా, పాపను లేపు. దీనికోసమే గదా వచ్చినం," అన్నాడు.

అత్తమ్మ చెయ్యి పాప చెవి మీద ఉంది. తల అడ్డంగా ఊపింది. "లేపితే అరుస్తది. ఉండనియ్."

"మళ్ల దొరుకుతదా ఇట్ల?"

"నువ్వు చూడు. నువ్వెన్నడు చూసినవ్?"

మేము నలుగురం పెద్దవాళ్లం అలా ఊపిరి బిగబట్టి కూర్చున్నాం. ఎవరిని తీసుకొచ్చామో ఆ పాప మాత్రం నోరు తెరుచుకుని నిద్రపోతోంది. నేను జింకలను చూడటం మానేసి మా ఆయన మొహం చూశాను. రోజూ ఇంటికి వచ్చే మనిషి మొహం కాదది. ఎక్కడో ఒక తీతువు పిట్ట అరిచింది. ఇర్రి తలెత్తింది. అంతే, మంద మొత్తం దుమ్ము లేపుకుంటూ పోయింది. ఆ చప్పుడుకు పాప కళ్లు తెరిచింది.

అత్తమ్మ మెల్లగా కాలు చాచుకుంటూ, "చిన్నప్పుడు మేం వీటిని రాళ్లేసి ఉరికిస్తుంటిమి. ఇంత దగ్గర ఎన్నడు చూడలే," అంది.

పాపకు జింకల సంగతే గుర్తులేదు. లేచి నేరుగా బర్రెల దగ్గరికి పోయింది. ఒక దూడకు రొట్టె ముక్క పెట్టింది. అది గరుకు నాలుకతో చెయ్యంతా నాకేసరికి కిలకిలా నవ్వి, మళ్లీ ముక్క కోసం నా దగ్గరికి ఉరికొచ్చింది. మా ఆయన నెత్తి కొట్టుకున్నాడు. "బర్రెదూడను చూసేతందుకు ఇంత దూరం తెస్తిమా?"

సాయంత్రం కాకముందే గాలి లేచింది. నీళ్లమీద అలలు తెల్లగా విరుగుతున్నాయి. మామ ఒడ్డుదాకా పోయి చూసి వచ్చి, "గాలి నిమ్మలించేదాంక కదలొద్దు," అన్నాడు. నాకు భయమేసింది. పాపకు పాలు లేవు, చలి మొదలవుతోంది. అత్తమ్మ నా మొహం చూసి చెయ్యి పట్టుకుని లేపింది.

"రా బిడ్డా, నీకొకటి చూపిస్త."

మధ్యలో ఉన్న మొరం బండ దగ్గరికి తీసుకుపోయి, కొంగుతో మట్టి తుడిచింది. బండ మీద రెండు వరుసల్లో చిన్న చిన్న గుంటలు. అంచులు అరిగిపోయి ఉన్నాయి, కానీ ఉన్నాయి.

"ఓనగుంతలు. మేమే తొలిచినం, కొడవలి కొసలతోని. మేకలు ఇంకెవరి చేన్ల పడ్డయో సోయి లేకుంట ఆడేటోళ్లం."

ఇద్దరం ఎర్ర రాళ్లు ఏరి గుంటల్లో పోసుకుని ఎదురెదురుగా కూర్చున్నాం. ఇంట్లో ఆమె నాతో ఆడిన మనిషి కాదు. పని చెప్పేది, పని చేసేది, అంతే. అక్కడ మాత్రం గాలికి జుట్టంతా రేగి, రాళ్లు గుప్పిట పట్టి ఒక్కో గుంటలో వేసుకుంటూ, గెలిచినప్పుడల్లా నా మోకాలి మీద చరిచేది. ప్రతి ఆటా ఆమే గెలిచింది. మధ్యలో పాప వచ్చి రాళ్లన్నీ చెల్లాచెదురు చేసేది. అత్తమ్మ కోప్పడకుండా మళ్లీ ఏరుకునేది. చలి సంగతీ పాల సంగతీ నేను మర్చిపోయాను. మామ వచ్చి "గాలి దిగింది, లేవుండ్రి," అని పిలిస్తే, "ఈ ఒక్క ఆట," అన్నది నేనే.

పొద్దుగూకే వేళకు ఇవతలి ఒడ్డు చేరాం.

మళ్లీ పోదామని ప్రతి దీపావళికీ అనుకునేవాళ్లం. ఒక ఏడు వానలు లేక నీళ్లు దిగిపోయి దిబ్బ మామూలు గడ్డ అయింది. ఇంకో ఏడు పాపకు జ్వరం. తర్వాత మా ఆయన పని మారింది. అత్తమ్మ మాత్రం పాపకు అన్నం పెట్టినప్పుడల్లా ఆ జింకల కథే చెప్పేది. నల్ల ఇర్రి వచ్చింది, చిన్న పిల్ల నీ టోపీ వాసన చూసింది, అంటూ ముద్ద పెట్టేది. కొన్నేళ్లు అదే కథ, అదే ముద్ద. ఆమె పోయి ఇప్పటికి కొంతకాలమైంది. ఇప్పటికీ ఆమెకు ఇష్టమైన పుంటికూర వండితే నాకు ఆమె కూర్చునే చోటు వైపు చూపు పోతుంది.

పాప ఇప్పుడు తొమ్మిదో తరగతి. స్నేహితురాళ్లు ఇంటికొస్తే మొరంగడ్డ గురించి చెప్తుంటుంది. జింకపిల్ల తన దగ్గరికి వచ్చిందని, దాని కళ్ల చుట్టూ తెల్లగా ఉందని, తను కదలకుండా చూస్తూ కూర్చుందని. నానమ్మ తన చెవి మీద చెయ్యి పెట్టిందని కూడా చెప్తుంది. మొదటిసారి విన్నప్పుడు మా ఆయన ఏదో అనబోయి నా వైపు చూసి ఆగిపోయాడు.

పోయిన చలికాలం పాపా నేనూ మామ ఊరికి పోయాం. నీళ్లు నిండుగా ఉన్నాయి. మామకు మోకాళ్ల నొప్పులు, తెడ్డు వెయ్యలేడు. ముగ్గురం ఒడ్డున నిలబడి చూశాం. దూరంగా దిబ్బ మీద ఏవో కదులుతున్నాయి, జింకలో బర్రెలో తెలియలేదు. పాప ఆయనకు కూడా ఆ కథ మొత్తం చెప్పింది. ఆయన ఆ రోజు మా పక్కనే కూర్చున్న మనిషి. అన్నీ విని, తువాలుతో మొహం తుడుచుకున్నాడు.

"అవు బిడ్డా," అన్నాడు. "నీ దగ్గరికే వచ్చింది."

తర్వాత ఇంటికి పోయి చాయ్ తాగాం.