విరిగిన కాలి నాలుగు

ఆడవాళ్ళు వయసు దాచుకుంటారని ఎగతాళి చేసే మగవాళ్ళు, తమ బండి వయసు మాత్రం పదేళ్ళు పెంచి చెబుతారు. సాన్ ఎలాదియో ఊళ్ళో పాత కార్లున్న వాళ్ళందరి మీదా ఒఫేలియా బెర్రూతికి ఉన్న అభిప్రాయం ఇదే. ముప్పై ఆరేళ్ళు వాహనాల రిజిస్ట్రేషన్ ఆఫీసులో పనిచేసి, ఇంజిన్ల కింద దూరి నెంబర్లు రాసుకున్న మనిషి. రిటైరయ్యాక కూడా ఏ కంపెనీ ఏ ఏడు ఏ నెంబరు నుంచి ఏ నెంబరు దాకా బళ్ళు వదిలిందో అట్ట చిరిగిన నోటుపుస్తకంలో పెట్టుకునే ఉంది.

1988లో ఊరికి వందేళ్ళు నిండాయి. ఊరేగింపులో అన్నిటికంటే పాత కారు ముందు నడవాలని పాతకార్ల క్లబ్బు తీర్మానించింది. వయసు తేల్చే పని ఒఫేలియాకి అప్పగించారు. అప్పగించిన పెద్దమనిషి క్లబ్బు అధ్యక్షుడు, నోటరీ సౌల్ ఇరియొందో. ముందు నడవబోయేది తన కారేనని ఆయన అప్పటికే కొత్త టోపీ కూడా కుట్టించుకున్నాడు.

"ఏదో లాంఛనం, ఒఫేలియా గారూ. 1914లో మా తాత ఓడ మీంచి దింపించిన కారు. ఊరందరికీ తెలుసు," అన్నాడు.

"ఊరికి తెలిసింది నాకెందుకు? బానెట్ ఎత్తండి."

కిరసనాయిలు గుడ్డతో తుడిచి చూస్తే ఇంజిన్ మీది నెంబరు 1914 నాటిదే. కానీ ఆ అంకెలున్న చోట ఇనుము ఆకురాయి పెట్టి అరగదీసినట్టు కాస్త లోతుగా ఉంది. ఫ్యాక్టరీలో కొట్టిన అంకెలు బారు తీరి ఉంటాయి. ఇవి తాగి ఇంటికెళ్తున్న వాళ్ళలా ఒకదాని మీద ఒకటి ఒరిగాయి. ఒఫేలియా ఇంజిన్ పక్కకి వంగి, రంగు గీకింది. పోత పోసినప్పుడే వేసిన తేదీ ఉబ్బెత్తుగా బయటపడింది. 1924, ఆగస్టు.

"ఇంజిన్ ఎప్పుడో మార్చి ఉంటారులెండి," అన్నాడు నోటరీ తడుముకోకుండా.

"మరి పాత నెంబరు దానంతటదే నడిచొచ్చి కొత్త ఇంజిన్ మీద కూర్చుందా నోటరీ గారూ?"

ఆయన మొహం కందగడ్డయింది. ఒఫేలియాకి మంచి ఊపొచ్చింది. ఇంకో నాలుగు అందామని భూతద్దం పెట్టి మళ్ళీ అంకెల మీదికి వంగింది. వంగినామె అలాగే ఉండిపోయింది. చివరనున్న ‘4’ అంకెకి కింద కాలు విరిగి ఉంది. ఆ అచ్చు ఆమెకి తెలుసు. అరిగిపోయిన నెంబర్లు తిరిగి కొట్టడానికి ఆఫీసు బీరువాలో ఉండే పెట్టెలోది. ఆ బీరువా తాళంచెవి ఒక్కరి దగ్గరే ఉండేది.

ఆ సాయంత్రమే వృద్ధాశ్రమానికి వెళ్ళింది. ఆమెకి పని నేర్పిన పెద్ద గుమాస్తా విల్మార్ పస్తొరీనో అక్కడే ఉంటున్నాడు. ఎనభై ఎనిమిదేళ్ళు. ఒళ్ళో మాతె ఆకు టీ తాగే సొరకాయ బుర్ర, అందులో నీళ్ళు చల్లారిపోయాయి.

"ఇరియొందో వాళ్ళ కారు నెంబరు కొట్టింది మీరేనా?"

ముసలాయన కాసేపు ఆలోచించాడు. దాచాలని కాదు, గుర్తు తెచ్చుకోవడానికి. "యాభై మూడులో అనుకుంటా. వీళ్ళ నాన్న అడిగాడు. క్రిస్మస్‌కి గొర్రెపిల్లని పంపించాడు."

"గొర్రెపిల్లా?"

"బాగా బలిసింది అమ్మాయ్."

ఒక్క అంకె తప్పు రాసినందుకు ఈయనే ఒకప్పుడు అందరి ముందూ ఆమె కాగితం చింపేశాడు. ఆ రోజు ఏడ్చిన ఏడుపంతా ఇప్పుడు ఆమెకి రోతగా అనిపించింది. అమ్ముడుపోతే పోయాడు, ఆఖరికి ఒక పూట మాంసానికా! కోటు బొత్తాలు పెట్టుకుని, సెలవని కూడా అనకుండా లేచి వచ్చేసింది.

శనివారం క్లబ్బు విందులో నివేదిక నిలబడి చదివింది. కారు 1924ది. నెంబరు మార్చింది తను పనిచేసిన ఆఫీసే. మార్చిన మనిషి పేరు, పుచ్చుకున్న గొర్రెపిల్ల, అన్నీ చదివింది. సభ్యులు పళ్ళేల్లోకి చూస్తూ కూర్చున్నారు. ఎవరి కారు గుట్టు వాళ్ళకి తెలుసు కదా! ఆమె సేవలు ఇక అక్కర్లేదని సోమవారం ఉత్తరం వచ్చింది.

ఊరేగింపులో నోటరీ కారే ముందు నడిచింది. కాఫీ హోటలు ముందు ఎవడో "ఇరవై నాలుగూ!" అని అరిచాడు. వీధి వీధంతా అందుకుంది. ఇరియొందో కొత్త టోపీ కళ్ళమీదికి లాక్కున్నాడు. ఆనాటి నుంచి ఆయన పేరే అదైపోయింది. ఒఫేలియా మాత్రం నవ్వలేదు. పోయినేడు క్లబ్బు ప్రదర్శనలో ఇదే కారుకి అరచేతులు కందేలా చప్పట్లు కొట్టింది ఈ మందే.

పది రోజుల తర్వాత పొలాల వైపు నుంచి ఒకావిడ వచ్చి తలుపు కొట్టింది. కోళ్ళ షెడ్డులో మామగారి లారీ ఒకటి పడుందట.

"ఏ సంవత్సరందని చెబుతారు మీ ఇంట్లో?" ఒఫేలియా అప్పుడే మూతి విరిచింది.

"ఏమోనమ్మా, మాకేం తెలుసు? తెలిస్తే మీ దాకా ఎందుకొస్తాను?"

ఒఫేలియా ఆమెని ఎగాదిగా చూసింది. ఇన్నేళ్ళలో ఈ మాటన్న మొదటి మనిషి.

"కాస్త ఆగు. చెప్పులు వేసుకునొస్తా," అంది.