అక్క కోసం కోసిన కోతలు

నా చిన్నప్పుడు మా అవ్వ నాకొక ఉద్యోగం ఇచ్చింది. రోజూ సాయంత్రం బడి నుంచి రాగానే ఆ బడిని నాలుగు తిట్టాలి. జీతం ఒక బెల్లం ముక్క. కోతలు కోయడంలో నాకింత పేరు రావడానికి పునాది ఆ బెల్లమే.

అప్పుడు మేము బెంగళూరు నగర్తపేటలో ఒక ఇరుకు సందులో ఉండేవాళ్ళం. మా నాయన ఇత్తడి సామాన్లకు మెరుగు పెట్టే కార్ఖానాలో పని చేసేవాడు. నాకన్నా రెండేళ్ళు పెద్దదైన మా అక్క సర్కారు బడికి పోయేది. నన్ను బడిలో వేసే సమయానికి మా నాయన మనసు ఇంగ్లీషు మీడియం మీదికి పోయింది. అయితే అక్కడ ఒక్కరిని చదివించే శక్తే ఆయనకు ఉండేది. ఆ ఒక్కరు నేనయ్యాను. నాకు ఎక్కాలు నేర్పింది అక్క; ప్రైవేటు బడికి పోయింది నేను. మగపిల్లవాడు అనే మాట ఎవరి నోటా రాలేదు, రావలసిన అవసరమూ లేకపోయింది. ఆ నిర్ణయం జరిగాక మా నాయన అక్క ముఖం చూసి మాట్లాడడం తగ్గించాడు. అమ్మ మాత్రం ఆమెకు జడ వేయడానికి మునుపటికన్నా ఎక్కువసేపు తీసుకునేది.

మొదటిరోజు నేను బయలుదేరుతుంటే అక్క నా కొత్త బూట్ల మీది దుమ్మును తన లంగా అంచుతో తుడిచింది. అది చూసి అవ్వ నన్ను వంటింట్లోకి లాక్కుపోయింది.

“రేయ్ అప్పా, ఆ బడి బాగుండాదని ఇంట్లో నోరు జారద్దు. చెడ్డగా చెప్పు. పాపకు ఆశ పుట్టకూడదు.”

“బాగుంటే?”

“బాగుంటే ఇంకా చెడ్డగా చెప్పు!”

ఇక నాకు పట్టపగ్గాలు లేకుండా పోయాయి. ఆ బడిలో అన్నం కూడా ఇంగ్లీషులోనే నమలాలనీ, తెలుగులో నమిలితే డబ్బా లాక్కుంటారనీ చెప్పాను. టై అంటే పలుపులాంటిదని, పాఠం మొదలుకాగానే దానితో మమ్మల్ని బెంచీకి కట్టేస్తారని చెప్పాను. తుమ్మాలంటే మిస్సు అనుమతి అడగాలి. అది ఇంగ్లీషులో అడిగేలోపల తుమ్ము ముక్కులోనే ప్రాణం విడుస్తుంది. గేటు పక్కన ఒక ఇనుప గూడు ఉందనీ, ఇంగ్లీషు రాని పిల్లల్ని అందులో వేసి గడ్డి మేపుతారనీ కూడా చెప్పాను.

అక్క కళ్ళింత చేసుకుని వినేది. “అయ్యో, మా బడే మేలప్పా! ఎట్లన్నా నమలచ్చు, ఎంతన్నా తుమ్మచ్చు” అనేది. ఆ మాటకు అమ్మ నవ్వేది. మా నాయన ఆ పూట ఇంకో సంగటి ముద్ద పెట్టించుకునేవాడు.

నిజానికి ఆ గూట్లో ఉండేవి కుందేళ్ళు. తెల్లగా, దూది ఉండల్లా ఉండేవి. ఇల్లొదిలి బడికి పోవడానికి నాకున్న పెద్ద కారణం అవే.

ఒకరోజు అవ్వకు జ్వరం వచ్చి, నన్ను తీసుకురావడానికి అక్కను పంపించారు. నేను గూడు ముందర గొంతుక్కూర్చుని కుందేలుకు క్యారెట్టు పెడుతున్నాను. తలెత్తితే గేటు కమ్ముల అవతల అక్క. ఎంతసేపటి నుంచి నిలబడి ఉందో తెలియదు.

నా సంచీ అందుకుని నడవసాగింది. నా నోటికి ఒక్క కోత కూడా తట్టలేదు. సందు మలుపు దగ్గర మెల్లగా అడిగింది.

“ముట్టుకున్న్యావా వాటిని?”

“ఊ.”

“మెత్తగుంటాయా?”

“శానా మెత్తగుంటాయక్కా” అన్నాను. ఆ బడి గురించి ఆమెకు నేను చెప్పిన మొదటి నిజం అదే.

రాత్రి కంచాల ముందు మా నాయన, తల వంచుకునే, “ఏం పాపా, తమ్ముని బడి చూసినావంటనే, ఎట్లుండాది?” అని అడిగాడు. అక్క గుక్క తిప్పుకోకుండా అందుకుంది.

“అబ్బా, వాడు చెప్పిందంతా నిజమే నాయనా! గూట్లో ముగ్గురు పిల్లోళ్ళు ఉండారు. గడ్డి తిని తిని ఒగనికి చెవులు గూడా పెరిగినాయి! నాకు మాత్రం ఆ బడి వద్దప్పా.”

నేను కోసిన కోతలన్నీ ఒక ఎత్తు, అదొక ఎత్తు. మా నాయన చాలా రోజుల తర్వాత ఆమె ముఖంలోకి చూసి పగలబడి నవ్వాడు. అమ్మ కూడా నవ్వింది. అవ్వ ఒక్కతే నవ్వలేదు. దుప్పటి కప్పుకునే వచ్చి, అక్కను ఒళ్ళోకి లాక్కుని, కొంగుతో ఆమె ముఖం తుడిచింది. మరుసటి రోజు నుంచి నాకు బెల్లం ఇవ్వలేదు, కోతలూ అడగలేదు.

మేము అక్కను ఓదారుస్తున్నామని అనుకున్నాం. ఇన్నాళ్ళూ ఆమే నమ్మినట్టు నటిస్తూ మమ్మల్ని ఓదారుస్తోందేమోనని నాకు తట్టింది ఆ రాత్రే. అంత చిన్న పిల్ల మీద అంత బరువు పెట్టి మేం కడుపునిండా తిన్నాం.

మొన్న వైట్‌ఫీల్డ్‌లో అక్క కూతురి ఇంట్లో ఇదే మాట వచ్చింది. కొడుకును పెద్ద ప్రైవేటు స్కూల్లో వేయాలని వాళ్ళ ఆలోచన. ఇద్దరినీ అంటే కష్టమట. “పెద్దదానికి ఇప్పుడున్న స్కూలే ఇష్టమంట మామా, తనే చెప్పింది. సో, ప్రాబ్లెం లేదు” అంది మేనకోడలు.

“నవ్వుతూ చెప్పిందా?” అన్నాను.

“ఊ, నవ్వుతూనే.”

“అట్లయితే ఇంకోసారి అడుగమ్మా.”

పక్కన అనపకాయలు ఒలుస్తున్న అక్క, “వీని మాటలు పట్టించుకోవద్దు పాపా” అంది. ఆమె కూడా నవ్వుతూనే అంది.

ఎవరైనా నవ్వుతూ ‘నాకొద్దులే’ అంటే ఊరుకోలేను, రెండోసారి అడుగుతాను. ఆ రోజుల నుంచి నాకు మిగిలిన అలవాటు అది. ఊళ్ళో అందరినీ అడుగుతాను. అక్కను మాత్రం ఇంతవరకూ అడగలేదు.