పెచ్చు

నాకు అనుమానం పుట్టుకతో వచ్చిన జబ్బు. మోండా మార్కెట్‌లో బెండకాయలు కొంటే ప్రతి కాయ కొసా విరిచి చూసి తిట్లు తింటాను.

రాళ్లెక్కడమే నా వృత్తి. తాడుండదు. కింద ఒక పరుపు, దాని పక్కన చేతులు చాచి ఒక మనిషి. నాకు ఆ మనిషి మారేడ్‌పల్లి అన్న. సొంత అన్న కాదు, ఎక్కడం నేర్పినవాడు. ఆరేళ్లు నేను పడ్డ ప్రతిసారీ నా వీపు కింద ఆయన అరచేతులే ఉన్నాయి.

అల్వాల్ అవతల ఎవరూ ఎక్కని రాతిగుండు ఒకటుంది. దాని నడుమ వేలి కొస ఆనేందుకు గోరు మందం పట్టు. రెండు చలికాలాలు అక్కడే జారాను. వానలు వెలిశాక మళ్లీ వెళ్లిన రోజు వేలు నిలిచింది, పైకి చేరాను. ఆ వీడియోతోనే జాతీయ జట్టులో చోటు దొరికింది.

కానీ దిగి చూస్తే పట్టు మునుపటికంటే లోతుగా ఉంది. కింద రాతిపొడి. అన్న దాన్ని కాలితో చెరిపేస్తున్నాడు.

మా పనిలో రాతికి ఉలి తగిలించడం కంటే పెద్ద దొంగతనం లేదు. బయటపడితే నా పేరు గంగలో కలిసినట్టే. అప్పటికి ఆ గుండు సంగతి తెలిసింది మా ఇద్దరికే. నేను చెక్కలేదు.

అడగలేదు, ఆయనతోనే ఎక్కుతూ కనిపెట్టి చూశాను. సిగ్గు లేకుండా ఆయన సంచి కూడా వెతికాను. ఉలి దొరకలేదు, దాచేశాడనుకున్నాను. రెండు నెలలకు జిమ్‌లో ఎవరో "గా గుండుకు ఉలి తగిలిందట గదా" అని నవ్వితే అన్న ముఖం మాడిపోయింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టే అనిపించింది. ఆ రోజు నుంచి ఆయన ఫోన్ చేస్తే నేను ఎత్తలేదు. మూడేళ్లు.

ఈ మధ్య మార్కెట్‌లో రోళ్లు చెక్కి అమ్మే తాతకు ఆ పట్టు ఫోటో చూపించాను.

"బొమ్మల ఏం తెలుస్తది బిడ్డా? ఏలు పెట్టి సూడాలె" అన్నాడు.

ఆటోలో తీసుకెళ్లాను. పరుపు మడిచి వేస్తే దాని మీద నిలబడి పట్టును తడిమాడు.

"ఉలి దెబ్బయితే సుక్కలు సుక్కలు పడ్తది. ఇది పెచ్చు లేసింది. ఎండకు, వానకు రాయి గిట్లనే ఇడుస్తది. ఎవ్వడు ముట్టలే."

అటు నుంచటే మారేడ్‌పల్లి వెళ్లి అన్నకు అంతా చెప్పి ఏడ్చాను.

"పెచ్చు లేసిందా?" అన్నాడాయన. "నేనైతే నువ్వే చెక్కినవనుకున్న చెల్లె. నీ పేరు ఖరాబ్ అయితదని పొడి చెరిపేసిన. ఎవ్వరికి చెప్పలే."

కోపం ముంచుకొచ్చింది. నేనా చెక్కేది, అనబోయి ఆగిపోయాను. నన్ను దొంగ అనుకున్నాక కూడా రెండు నెలలు ఆయన నా కింద చేతులు చాచి నిలబడ్డాడు. ఒక్కసారి కూడా నన్ను నేలకు వదల్లేదు.